ఖాళీ కుర్చీలకు పాడకూడని పంక్తి

పిన్నికి భయం లేనిదంటూ ఈ లోకంలో ఏదైనా ఉందా అని నాటక సమాజంలో ఒకసారి పందెం వేసుకున్నారు. ఎవరూ గెలవలేదు. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్లే మనిషి ఆవిడ. వెళ్లి చూసుకుని వచ్చాక, ఆ కంగారులో తలుపు తాళం వేశానో లేదో అని మళ్లీ వెళ్లేది. వయొలిన్ పెట్టెలో నాలుగు తీగలు అదనంగా ఉండేవి. పెట్టే పోతేనో అని చేతిసంచిలో మరో నాలుగు. నోరు తెరిస్తే "గుండె దడదడలాడుతోందర్రా" అనడం అలవాటు కనక దడ పిన్ని అని పేరు పడిపోయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో ఒక మూల బతికుందంతే.

ఇలాంటి మనిషి ముప్ఫై ఒక్క ఏళ్లు స్టేజీ ముందు కూర్చుని వయొలిన్ వాయించిందంటే అది వాళ్లక్క చలవ. పెళ్లి మాట వచ్చిన ప్రతిసారీ వచ్చే ఏడు చూద్దాం అని వాయిదా వేసి, ఆ వచ్చే ఏడు రాకుండానే యాభై నాలుగు దాటించింది పిన్ని. అక్క పెళ్లి చేసుకుంది, భర్త పోయాడు, చెల్లెలి దగ్గరికి వచ్చేసింది. గడియారాలు బాగుచేసే దుకాణం పైన రెండు గదుల్లో ఇద్దరూ ఉండేవాళ్లు. అక్కది మరో తరహా. కరెంటు పోతే కొవ్వొత్తి వెతకదు, వచ్చేదాకా కూర్చుంటుంది. సమాజంలో పిల్లా పెద్దా అందరికీ పెద్దమ్మ. తెర పక్కన చిన్న బల్ల మీద నాటకం పుస్తకం పెట్టుకుని, మరిచిపోయినవాళ్లకు మాట అందించడం ఆమె పని. పాట రాని నటులకు తెర వెనక నుంచి గొంతు ఇచ్చేది కూడా ఆమే. అక్క పాడితే పిన్ని వాయిస్తుందని జనం అనుకునేవారు గానీ, జరిగేది వేరు. పిన్ని వయొలిన్ కమాను కదిలితేనే అక్క గొంతు లేచేది. అక్క కళ్లు ఎప్పుడూ ఆ కమాను మీదే ఉండేవి.

వాళ్ల సమాజం ఆడేవన్నీ మాయల నాటకాలే. ఆ కథల్లో ఒక తమాషా ఉంది. రాజు కత్తి దూస్తాడు, సేనలు కదులుతాయి, మంత్రి ఎత్తులు వేస్తాడు, ఒక్కటీ పారదు. చివరికి ఎవడో గొర్రెల కాపరి వేణువు ఊదితే కోట తలుపు తెరుచుకుంటుంది. జోలపాటకు రాక్షసుడు కునుకు తీస్తాడు. రాగం అందుకుంటే వాన పడుతుంది, దీపాలు వెలుగుతాయి, చచ్చినవాళ్ల లోకం కూడా ఓ గడప దాకా వెనక్కి తగ్గుతుంది. పురాణాలు రాసినవాళ్లకు గానీ ఇప్పటి మాయల నవలలు రాసేవాళ్లకు గానీ ఇంతకన్నా దగ్గరి దారి దొరికినట్టు లేదు. ఎందుకంటే పాటను ఎవరూ చేత్తో ఆపలేరు, కళ్లతో చూడలేరు. ఉన్నట్టుండి మన లోపల ఉంటుంది. మాయ అనే మాటకు నాకు తెలిసిన అర్థం కూడా అదే.

అయితే ఆ కథలన్నిటిలో పాటతో పాటు ఒక షరతు కూడా ఉంటుంది. వెనక్కి తిరిగి చూడకు. మధ్యలో ఆపకు. అడగనివాడికి వినిపించకు. పాట పనిచేస్తుందన్నమాట పెద్దగా నమ్మని వాళ్లు కూడా షరతు తప్పితే ఏదో అవుతుందని నమ్ముతారు. పిన్ని సరిగ్గా అలాంటి మనిషి. దేవుడి గురించి అడిగితే "ఏమోనమ్మా" అనేది. షరతుల గురించి మాత్రం ఏమో అనేది కాదు.

వాళ్ల నాటకాల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆడింది రాతిపిల్ల కథ. సవతి తల్లి శాపానికి ఒక పిల్ల రాయైపోతుంది. ఆ పిల్ల అన్న ఏడూళ్లు తిరిగి ఒక పాట నేర్చుకుని వచ్చి రాయి ముందు పాడతాడు. నాలుగే నాలుగు పంక్తులు.

రాయివైతే రాయివే, నా చెల్లివే
మూగవైతే మూగవే, నా పాటవే
దారి మరిచిన అడుగువే, నా జాడవే

నాలుగో పంక్తికి రాయి కళ్లు తెరుస్తుంది. ఆ పంక్తి నేనిక్కడ రాయను. సమాజం పెట్టిన పెద్దాయన కట్టడి అది. నాలుగో పంక్తి జనం ముందు, ఆట నాడు మాత్రమే పాడాలి. రిహార్సల్లో మూడు పంక్తులు కాగానే అక్క పుస్తకం టప్పున మూసేది. ఆ చప్పుడుకి పిన్ని కమాను ఎత్తేసేది, రాయి వేషం వేసిన పిల్ల లేచి నడుం విరుచుకునేది. ఎందుకండీ ఇలా అని అడిగితే పెద్దాయన, "రాయిని కరిగించే మాట ఖాళీ కుర్చీలకు వినిపించారనుకోండి, కరగాల్సింది కరగదు సరికదా, బతికున్నది ఏదో రాయైపోతుంది" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. పిన్ని ఒక్కతే నవ్వేది కాదు. ఇది చదువుతున్న మీరు ప్రేక్షకులో ఖాళీ కుర్చీలో నాకెలా తెలుస్తుంది? అందుకే రాయడం లేదు.

పెద్దాయన పోయాక సమాజానికి కొత్త దర్శకుడు వచ్చాడు. చెడ్డవాడు కాదు. లైట్లంటే పిచ్చి. నాలుగో పంక్తి మీద రాయి లోపలి నుంచి వెలుతురు రావాలని అతని ఆశ. దానికి లెక్క కుదరాలంటే పాట మొత్తం వినాలి.

"ఒక్కసారి పూర్తిగా కానివ్వండి పిన్నీ" అన్నాడు ఓ మధ్యాహ్నం.

"అది రిహార్సల్లో చెయ్యం బాబూ."

"ఖాళీ కుర్చీలు ఏం చేస్తాయండీ? కరుస్తాయా?"

అందరూ నవ్వారు. పిన్ని మొహమాటంగా నవ్వి, వాయించడం మొదలుపెట్టింది. అక్క పుస్తకం మూస్తుందిలే, అప్పుడు ఆగిపోవచ్చు, నా మీదికి రాదు అనుకుంది. మూడో పంక్తి అయింది. తెర పక్కకి చూసింది. పుస్తకం తెరిచే ఉంది. చప్పుడు రాలేదు. ఆ అర క్షణంలో ఏం చెయ్యాలో తోచక, ముప్ఫై ఏళ్ల అలవాటు చేతిలో ఉంది కనక, కమాను కిందికి సాగిపోయింది. కమాను వెళ్తే అక్క గొంతు వెళ్తుంది. నాలుగో పంక్తి మూడు వందల ఖాళీ కుర్చీల మీదుగా వెళ్లి వెనక గోడకు తగిలి తిరిగి వచ్చింది. దర్శకుడు చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పొద్దున్న అక్క సింకు దగ్గర గిన్నె కడుగుతూ పడిపోయింది.

కుడి చెయ్యి, కుడి కాలు, మూతి కుడి పక్క. సరిగ్గా సగం మనిషి రాయిలా బిగుసుకుపోయింది. మాట పోయింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు, "ముందు రోజు ఏమైనా తేడా కనిపించిందా అమ్మా? తిమ్మిరి, తడబాటు, తలనొప్పి?" అని అడిగాడు.

"లేదండీ. నిన్న రిహార్సల్లో పాట మొత్తం పాడింది" అంది పిన్ని. మొత్తం అన్న మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకుంది. డాక్టరు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. ఆయనకు అదొక ఆనవాలు, పిన్నికి నేరం ఒప్పుకున్న సంతకం.

ఆ రోజు నుంచి ఆవిడ పడిన నరకం నేను పూర్తిగా చెప్పలేను. చదువుకున్న మనిషి. రక్తనాళం, గడ్డ, మెదడు, అన్నీ డాక్టరు బొమ్మ గీసి చెబితే తల ఊపింది. తల ఊపుతూనే లోపల, కమాను ఆపి ఉంటే అనుకుంది. పుస్తకం మూయబోతోందేమో, నేనే తొందరపడ్డానేమో. ఇంకో క్షణం ఆగాల్సిందేమో. అన్నం ముందు కూర్చుంటే అదే, బస్సు కోసం నిలబడితే అదే. ఎవరితోనైనా చెప్పుకుంటే, పిచ్చి పట్టిందంటారు. చెప్పుకోకపోతే నిజంగా పట్టేలా ఉంది. పరామర్శకు వచ్చిన దర్శకుణ్ని తలుపు దగ్గరి నుంచే పంపించేసింది. అతని మీద కోపంతో కాదు. తను నోరు జారుతుందేమోనని.

నెల్లాళ్లకు అక్కను మాటలు నేర్పే విభాగానికి మార్చారు. అక్కడ ఉన్న అమ్మాయిని అందరూ మాటల టీచరు అనేవారు. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు, కానీ రోగి ముందు కూర్చుంటే గంటసేపు కదలదు. అప్పటికి అక్క నోటి నుంచి వచ్చేది ఒకటే, "తా... తా..." నీళ్లకూ అదే, కోపానికీ అదే, ఏడుపుకూ అదే. అందరికీ మాట అందించిన మనిషికి ఎవరూ మాట అందించలేకపోతున్నారు. అది చూడలేక పిన్ని కిటికీ వైపు తిరిగి నిలబడేది.

"మీరు వయొలిన్ వాయిస్తారటగా ఆంటీ. తీసుకురండి" అంది మాటల టీచరు.

"ఆసుపత్రిలోనా?"

"మాటలు ఉండే గదికి తాళం పడింది. పాటలు ఉండే గది వేరు. అటు నుంచి దారి ఉందేమో చూద్దాం. కొంతమందికి ఉంటుంది."

పిన్ని తెచ్చింది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఏవేవో పాటలు వాయించింది. అక్క కిటికీ చూస్తూ ఉంది. చివరికి, వద్దు వద్దనుకుంటూనే, రాతిపిల్ల పాట మొదటి పంక్తి అందుకుంది. అక్క తల తిప్పింది. కమాను మీద చూపు నిలిపింది. ఎడమ చెయ్యి దుప్పటి మీద కదిలింది. "రాయివైతే" అంది. అంది కాదు, పాడింది. సగం మూతితో, గరగర గొంతుతో, అక్షరం పొల్లు పోకుండా "రాయివే, నా చెల్లివే" అని పూర్తి చేసింది.

పక్క మంచం దగ్గరున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. మాటల టీచరు కళ్లు తుడుచుకుంది. పిన్ని ఏడ్చింది, నవ్వింది, అక్క బుగ్గలు పట్టుకుంది. ఆ సంతోషం రెండు పంక్తులు నిలిచింది. మూడో పంక్తి అయ్యేసరికి చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

అక్కడి నుంచి రోజూ ఇదే. మూడు పంక్తులు, ఆపడం. అక్క కమాను వైపు చూస్తూ ఉంటుంది. పిన్ని కమానుకి రోజిన్ బంక రాయడమో, తీగ బిరడా సర్దడమో మొదలుపెడుతుంది. నాలుగు రోజులు చూసి మాటల టీచరు అడిగింది.

"ఆంటీ, తర్వాతి పంక్తికి మీరు ఎత్తుగడ ఇవ్వడం లేదు. ఆవిడ మీ చేతినే చూస్తున్నారు."

"చెయ్యి లాగేస్తోందమ్మా. వయసు."

అబద్ధం. ఆ గదిలో ఉన్నవి మంచాలు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం కాదు. ఒకసారికే సగం మనిషి పోయింది. రెండోసారి పాడితే మిగతా సగం? ఇదీ పిన్ని లెక్క. ఆ లెక్కలో తప్పెక్కడుందో ఆవిడకే తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

ఈలోగా ఇంకో భయం వచ్చి పడింది. ఆ విభాగంలో చోటు పది మందికే. పన్నెండు వారాలకొకసారి పెద్ద డాక్టరు వచ్చి చూస్తాడు. ఎవరూ గొంతు కలపకుండా రోగి తెలిసిన పాట ఒకటి చివరిదాకా పాడాలి. లేదా ఆ వరసలో తన మాట ఒకటి చెప్పాలి. రెండూ కాకపోతే ఇక ఇక్కడ లాభం లేదని, చెయ్యాల్సిన కసరత్తుల కాగితం చేతికిచ్చి ఇంటికి పంపిస్తారు. చోటు ఇంకొకరికి వెళ్తుంది. ఆ ఇంకొకరు ఎవరో కూడా పిన్నికి తెలుసు. వరండాలో బెంచీ మీద రోజూ భార్యతో వచ్చి కూర్చునే దర్జీ. మెడలో టేపు ఉండాల్సిన చోట తువ్వాలు వేసుకుని, ఎవరు కనిపించినా నోరు తెరిచి, మాట రాక మూసుకునేవాడు. ఆ భార్య పలకరిస్తే పిన్ని మొహం తిప్పుకుని వెళ్లిపోయేది. తర్వాత మెట్ల మీద నిలబడి తనను తాను తిట్టుకునేది.

ఇక పది రోజులే ఉందనగా ఒక పగలు, ఇంట్లో ఒక్కతే ఉండగా, వంటగది తలుపు మూసి వయొలిన్ తీసింది. ముందు నేను వాయించి చూస్తాను, ఏమైనా అయితే నాకే అవుతుంది అనుకుంది. మూడు పంక్తులు వాయించింది. కమాను ఎత్తి పట్టుకుంది. కింద దుకాణంలో గడియారాలన్నీ కలిసి పన్నెండు కొట్టాయి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే దించేసింది. తనకేమైనా అయితే ఆసుపత్రిలో అక్కను చూసేదెవరు? భయానికి కారణాలు వెతుక్కోవడంలో ఆవిడకు సాటి లేరు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్న పదకొండు గంటలు. అక్కను తల దువ్వి, ఇస్త్రీ బట్టలు కట్టి, చక్రాల కుర్చీలో చిన్న గదికి తీసుకొచ్చారు. గోడకు గడియారం, మూల తూకం యంత్రం, మధ్యలో బల్ల. బల్లకు అటు పక్క పెద్ద డాక్టరు, ఆయన ముందు కాగితం. మాటల టీచరు గోడకు ఆనుకుని నిలబడింది. పిన్ని కంటే ఆ పిల్లే ఎక్కువ కంగారు పడుతున్నట్టుంది.

"మొదలుపెట్టండమ్మా" అన్నాడు డాక్టరు.

పిన్ని వాయించింది. అక్క పాడింది. మొదటి పంక్తి బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. మూడో పంక్తిలో "జాడవే" దగ్గర గొంతు కొంచెం వణికినా నిలదొక్కుకుంది. డాక్టరు తల పైకెత్తాడు. ఒక్క పంక్తి చాలు. ఒక్కటి.

పిన్ని కమాను తీగ మీదే ఉంది. కదిలించాలనుకుంది. నిజంగానే అనుకుంది. భుజం నుంచి మోచేతి మీదుగా వచ్చిన బలం మణికట్టు దగ్గర ఆగిపోయింది. మూసుకున్న పెదాలతో, కళ్లు కూడా తెరవకుండా అక్క మంచం మీద రాయిలా పడి ఉన్నట్టు కళ్లకు కట్టింది. అక్క కమాను వైపు చూస్తోంది. పని తెలిసిన మనిషి. ఎత్తుగడ రాకుండా పాడదు. ఇవాళ కూడా పాడదు.

"ఇంకోసారి చూద్దాం సార్" అంది మాటల టీచరు.

ఇంకోసారీ అంతే. ఈసారి అక్క ఎడమ చేత్తో కుర్చీ చేతిని టపటపా కొట్టింది. "తా! తా!" అంది.

"విసుగొస్తోంది పాపం" అన్నాడు డాక్టరు. కాగితం మీద ఏదో రాశాడు. "మంచి ప్రయత్నమేనమ్మా. పాట మధ్యలో ఆగిపోవడం మామూలే. ఇంట్లో చెయ్యాల్సినవి మా వాళ్లు చెబుతారు." లేచి, కాగితం తీసుకుని తలుపు వైపు నడిచాడు. తలుపు సందులోంచి వరండాలో బెంచీ కనిపించింది.

అప్పుడు పిన్ని వయొలిన్ నేల మీద పెట్టేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో పెట్టెలో తప్ప ఎక్కడా పెట్టని మనిషి. చక్రాల కుర్చీ ముందు కూలబడి అక్క మోకాళ్లు పట్టుకుంది.

"నేనేనే అక్కా! నేనే చేశాను. ఆ రోజు నువ్వు పుస్తకం మూసేదానివి, నేను ఆగలేదు. వాడు నవ్వాడని సిగ్గుపడి వాయించేశాను. నాలుగోది ఖాళీ కుర్చీలకి వినిపించాను. పెద్దాయన చెప్పినట్టే అయింది, సగం నిన్ను తీసుకుపోయింది. ఇప్పుడు మళ్లీ వాయించమంటున్నారు. నా వల్ల కాదే. మిగిలినదాన్ని కూడా పోగొట్టుకోలేను. ఇంటికి పోదాం పద. మాట రాకపోతే రాకపోయింది, నేను చూసుకుంటాను."

డాక్టరు తలుపు దగ్గర ఆగాడు. ఈ మాటల్లో ఆయనకు అర్థమైంది తక్కువ. మాటల టీచరుకు మాత్రం, చెయ్యి లాగేస్తోందని పిన్ని వారాలుగా ఎందుకంటోందో ఒక్కసారిగా తెలిసిపోయింది.

అక్క చెల్లెలి నెత్తి వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది. "తా" అంది. కాదు కాదు అని మళ్లీ ఊపింది. మొహం ఎర్రబడింది. లోపల ఏదో ఉంది, బయటికి దారి లేదు. "తా... తా..." మాటల టీచరు గబగబా వచ్చి ఆమె ఎడమ చేతిని కుర్చీ చేతి మీద పెట్టి, అక్షరానికి ఒక దెబ్బ చొప్పున నెమ్మదిగా తట్టింది. ఇన్ని వారాలూ నేర్పింది అదే. "పాడండి పెద్దమ్మా. చెప్పకండి, పాడండి."

అక్క కళ్లు మూసుకుంది. వేళ్లు తట్టడం మొదలుపెట్టాయి. గొంతు మూడో పంక్తి వరస అందుకుంది. వయొలిన్ నేల మీదే ఉంది. దానికోసం చూడలేదు.

"పొద్దు... న్నే..." అంది. ఆగింది. మళ్లీ వరస అందుకుంది. "పొద్దున్నే... చెయ్యి... మొద్దు..."

"పుస్త... కం... మూయ... లేదు... చెయ్యి... మొద్దు..."

పిన్ని తల ఎత్తింది. "ఏ పొద్దున్న? రిహార్సల్ రోజు పొద్దున్నా? పాట కంటే ముందేనా?"

అక్క గట్టిగా తల ఊపింది.

ఆ పొద్దున్న పిన్ని కళ్ల ముందుకు వచ్చింది. అక్క కాఫీ కప్పు ఎడమ చేత్తో పట్టుకుంది. కూరగాయలు నువ్వు తరగవే, నాకు బద్ధకంగా ఉంది అంది. ఎప్పుడూ బద్ధకం అనని మనిషి. మధ్యాహ్నం తెర పక్కన నిలబడి, పుస్తకం మూయడానికి చెయ్యి లేవక, లేవడం లేదని ఎవరికీ చెప్పక, కమాను కదిలింది కనక పాడింది. నాలుగో పంక్తి ఎవరినీ రాయిని చెయ్యలేదు. అంతకు ముందే, వంటగదిలో, తన పక్కనే మొదలైంది. తను గ్యాసు కట్టానా లేదా అని రెండుసార్లు చూసింది ఆ పొద్దున్న. అక్క చెయ్యి చూడలేదు.

నెలలుగా మోస్తున్న బరువు దిగాలి కదా. దిగలేదు. దాని చోట కోపం వచ్చింది, పట్టలేనంత కోపం.

"మరి నాతో ఎందుకు చెప్పలేదే? పక్కనే ఉన్నానుగా! అప్పుడే ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లం కదా! ఒక్క మాట చెప్తే నీ నోరేం పోయేది?" అని మోకాలి మీద కొట్టింది. అన్నాక ఆ మాటకు తనే నోరు మూసుకుంది.

అక్క వేళ్లు మళ్లీ కుర్చీ చేతి మీదికి వచ్చాయి. తర్వాత మెల్లగా తట్టాయి. పాడేటప్పుడు ఆమె చెల్లెలి మొహం వైపే చూసింది.

"నువ్వు... భయ... పడ... తావని."

మాటల టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు వెనక్కి వచ్చి బల్ల మీద కాగితం పెట్టాడు.

"ఈ మాటలు ఆ పాటలో ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవు సార్" అంది మాటల టీచరు. "ఇవి ఆవిడ సొంత మాటలు."

ఆయన అంతకుముందు రాసింది కొట్టేసి, కింద ఇంకేదో రాసి, సంతకం చేసి వెళ్లిపోయాడు. బయట బెంచీ మీద దర్జీ ఇంకో పన్నెండు వారాలు కూర్చోవాలి. ఆ సంగతి పిన్నికి అప్పుడు తట్టలేదు. సాయంత్రం తడుతుంది, దానికి వేరే ఏడుస్తుంది.

ఇప్పుడు మాత్రం ఆవిడ ఏడవలేదు. పుట్టిన దగ్గర నుంచి తన భయం తన ఒక్కదానిదే, తనే మోస్తోంది, ఎవరికీ దానివల్ల నష్టం లేదు అనుకుంది. ఇంట్లో ఇంకొకరు దానికి చోటివ్వడం కోసం తన నొప్పిని దాచుకుంటున్నారని యాభై నాలుగేళ్లకు తెలిసింది. ఎన్నిసార్లు దాచిందో. బావ పోయిన రోజు కూడా, "నాకేం కాలేదే, నువ్వు కూర్చో" అంది అక్క. తను కూర్చుంది.

పిన్ని లేచి, కుర్చీ లాక్కుని అక్కకు ఎదురుగా కూర్చుంది. అక్క ఎడమ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"భయపడతానే. ఇప్పుడు కూడా భయంగానే ఉంది, చూడు ఎలా వణుకుతున్నానో. పడనీ. ఇవాళ ఎక్కడెక్కడ నొప్పిగా ఉందో నువ్వు నాతో చెప్పు."

అక్క ఆమె వైపు అనుమానంగా చూసింది. తర్వాత చెల్లెలి అరచేతి మీద వేలితో తట్టడం మొదలుపెట్టి, భుజం దగ్గర నుంచి ఒక్కొక్కటే పాడింది.